లంగ్డీ

సూర్యప్రకాశరావుకు కోపం ముక్కు మీద ఉంటుందని అందరూ అనేవారు. నిజానికి అది ఆయన ఎడమకాల్లో ఉండేది. మూడో ఏట జ్వరం వచ్చి తగ్గాక ఆ కాలు కుడికాలితో సమానంగా ఎదగడం మానేసింది. నడుస్తుంటే మనిషి అడుగడుక్కీ ఎడమవైపు ఒరిగి లేచేవాడు. ఆ కాలి జోలికి వెళ్లనంతసేపు ఆయనంత మెత్తనివాడు లేడు. ఎవరైనా పొరపాటున "మెల్లగా రండి మాస్టారూ" అన్నారో, వాళ్ల పని అయిపోయినట్టే. ఇక ఆ ముఖం చూడడు. నలుగురిలో ఎవడైనా ఎవడి గురించో "కుంటిసాకులు చెబుతున్నాడు" అన్నా సరే, కాఫీ సగంలో వదిలేసి లేచిపోయేవాడు.

భీమవరం దగ్గర పుట్టి, ఉద్యోగం కోసం రాజేంద్రనగర్ వచ్చి, వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ట్రాక్టర్ల షెడ్డులో జీవితమంతా గడిపాడు. పెళ్లి కాలేదు. కాలేదనడం కన్నా కానివ్వలేదనడం న్యాయం. పెళ్లిచూపులకు వెళ్లిన మొదటి ఇంట్లోనే, పిల్ల తండ్రి తన ముఖం కాకుండా తన చెప్పులు చూస్తున్నాడని తేల్చుకుని లేచి వచ్చేశాడు. ఆ పెద్దమనిషి చూసింది చెప్పుల్నో, చెప్పుల పక్కన పాకుతున్న చీమనో ఎవరికి తెలుసు? మళ్లీ అలాంటి ఇంటి గడప తొక్కలేదు. తల్లి రుక్మిణమ్మ ఉన్నన్నాళ్లు ఇంట్లో రెండు గొంతులు వినిపించేవి. ఆవిడ పోయాక రెండో గొంతు రేడియోదే.

ఆయనకు ఒకే ఒక్క పిచ్చి ఉండేది. బేగంపేటలో లేచిన విమానం నెత్తిమీదుగా వెళితే, చేతిలో పనేదున్నా వదిలేసి, అది చుక్కయ్యేదాకా చూసేవాడు. ఎక్కింది మాత్రం ఎన్నడూ లేదు. టికెట్ కొనుక్కుని కిటికీ పక్కన కూర్చోవడం ఆయన దృష్టిలో ఎక్కడమే కాదు. తన చేత్తో బిగించినది తనను మోసుకుని పైకి వెళ్లాలి. పదవీ విరమణ చేసిన ఏడాదే, విడిభాగాలుగా వచ్చే చిన్న విమానాన్ని పై దేశం నుంచి తెప్పించుకున్నాడు. పెద్ద చెక్కపెట్టెలో రెక్కలు, గొట్టాలు, రేకులు, చక్రాలు, బోల్టులు వచ్చాయి. అన్నీ మనమే కలుపుకోవాలి. అందులో రెండు సీట్లు. ఆ కాలితో విమానం నడిపే పర్మిట్ తనకు రాదని రావుకు తెలుసు. నడిపేవాణ్ణి ఎవరినైనా వెతుక్కుని, పక్క సీట్లో తాను కూర్చోవాలి. ఒక్కసారి చాలు.

శంషాబాద్ దాటాక, బెంగళూరు రోడ్డుకు కాస్త లోపలగా, ఎజాజ్ అనే అతనికి కోళ్ల షెడ్డు ఉండేది. తెగులు వచ్చి కోళ్లన్నీ పోయాక అది ఖాళీగా పడి ఉంది. రావు దాన్ని కిరాయికి తీసుకున్నాడు. పెట్టె దింపిన రోజు ఎజాజ్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"కోళ్లు ఎగరకనే పోయినయ్ రావ్ సాబ్. ఇగ దీన్ని పెంచుకుందాం. గుడ్లు పెడ్తదా మరి?" అన్నాడు.

రావు నవ్వాడు. ఆయన నవ్వడం అరుదు. ఆ నవ్వు చూసే కాబోలు, ఎజాజ్ భార్య చాంద్ బీ ఆ పూటనుంచే ఆయనకు కూడా చాయ్ పెట్టడం మొదలుపెట్టింది. షెడ్డుకు ఆనుకునే వాళ్ల ఇల్లు. మధ్యలో రేకు గోడ ఒక్కటే. నీలం అంచు కప్పొకటి ఆయనదిగా ఏర్పడిపోయింది. "చాయ్ తాగి చేయండ్రి సాబ్, గది యాడికీ ఎగిరిపోదు" అని గుమ్మంలోంచి కేక వేసేది. వాళ్లింటి నులక మంచం మీద కూర్చుని తాగుతూ, రావు తనకొచ్చిన ఉర్దూ ప్రయోగించేవాడు. "చాయ్ బహుత్ అచ్ఛా హై" అనగానే చాంద్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. చాయ్ ఆడదట, 'అచ్ఛీ' అనాలట. లారీ ఆడదట, ట్రక్కు మగదట. "వాటి చీరలూ పంచెలూ నాకెలా కనిపిస్తాయమ్మా?" అనేవాడు రావు. ముగ్గురూ నవ్వుకునేవారు. తల్లి పోయాక ఆయన మనుషుల మధ్య కూర్చుని తాగిన చాయ్ అదే.

పని బాగా సాగింది. తొందరపడే మనిషి కాదు, చెయ్యి శుభ్రమైన చెయ్యి. విమానం నిలబడే కాళ్లు బిగించే రోజున మరీ జాగ్రత్తపడ్డాడు. గాల్లో ఎన్ని విన్యాసాలు చేసినా, దిగేటప్పుడు ఆ బరువంతా మోసేది ఆ రెండు కాళ్లే. ముక్కు కింది చిన్న చక్రం దారి చూపడానికే. విమానం మొండేన్ని చెక్క దిమ్మెల మీదికి ఎత్తి, మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో రెండు పక్కలా మట్టం చూశాడు. వెంట్రుకంత తేడా లేదు. తరువాత రెండు కాళ్లనూ దించి, చక్రాలు నేలకు ఆనిన చోట ఆపి, అక్కడే రంధ్రాలు వేసి బోల్టులు బిగించాడు. దిమ్మెలు తీస్తే విమానం నిటారుగా, పెళ్లికొడుకులా నిలబడింది.

షెడ్డు వెనక, ఎవరో ప్లాట్లు చేసి అమ్మలేక వదిలేసిన వెంచర్ ఉంది. దాని మధ్య మొరం రోడ్డు పొడుగ్గా, చదునుగా, తాడు పట్టి గీసినట్టు ఉండేది. అటూ ఇటూ హద్దురాళ్లు. మొదటిసారి ఇంజను పెట్టి, విమానాన్ని నేలమీదే నెమ్మదిగా నడిపి చూసింది అక్కడే. ఎజాజ్, చాంద్ బీ గట్టున నిలబడి చూశారు. బండి బాగానే కదిలింది గానీ ఎడమవైపు లాగుతోంది. గాలి అనుకున్నాడు రావు. వెనక్కి తెచ్చి షెడ్డులో, ఎప్పటిలాగే ముక్కు వాకిలి వైపు పెట్టి నిలిపి, మళ్లీ గొట్టం పట్టి చూశాడు. మట్టం సరిగ్గా ఉంది.

మరునాడు పొద్దున పని మొదలుపెట్టబోతుంటే రేకు గోడ అవతల చాంద్ బీ గొంతు వినిపించింది. "లంగ్డీ కబ్ ఉడ్తీ కీ, అల్లాకూచ్ మాలూమ్!" అంది. ఎజాజ్ పకపకా నవ్వాడు.

రావు చేతిలో రెంచి అలాగే ఉండిపోయింది. ఈ కుంటి ప్రాణం ఎప్పుడెగురుతుందో దేవుడికే తెలియాలట. ఒళ్లంతా మండింది. ఆ తరువాత మంటా పోయింది. మిగిలిన లోకం అంటే అననీ. ఈ ఇంట్లో కూడా తనకు పేరు పెట్టారన్నమాట. నీలం అంచు కప్పులో చాయ్ పోస్తూ, వెనక ఆ పేరుతో పిలుచుకుంటున్నారన్నమాట.

ఆ రోజు చాయ్‌కి పిలిస్తే పని ఉందన్నాడు. మరునాటి నుంచి ఇంటి దగ్గరే కాచుకుని ఫ్లాస్కులో తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. ఫ్లాస్కుకు మూతే కప్పు. అది ఒక్కరికే సరిపోతుంది. చాంద్ బీ కొన్నాళ్లు కేక వేసింది, తరువాత గుమ్మంలో నిలబడి చూసి లోపలికి పోయేది. రంజాన్‌కు ఖీర్ పంపిస్తే గిన్నె కడిగి గోడమీద పెట్టాడు, తిన్నదీ పారబోసిందీ ఎవరికీ తెలియదు. అప్పుడప్పుడు గోడ అవతలినుంచి ఆ మాట మళ్లీ చెవిన పడేది. "లంగ్డీని ఇయ్యాల బయటికి తీసిండా?" అనో, "లంగ్డీకి రంగేసిండు" అనో. తాను బయటికి రావడం, తన కొత్త చొక్కా కూడా వీళ్లకు నవ్వులాటే అనుకున్నాడు. చొక్కాకు రంగేయడమేమిటని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నొచ్చుకోవడం మరిగిన మనసు మాటలోని అర్థం వెతకదు, ముల్లు వెతుక్కుంటుంది.

ఒకరోజు ఎజాజ్ సంకోచిస్తూ లోపలికొచ్చాడు.

"రావ్ సాబ్, ఏమనుకోకండ్రి. ఎడమ కాలు జర జూస్కోండ్రి."

"నా ఎడమకాలి సంగతి చిన్నప్పటి నుంచీ నేనే చూసుకుంటున్నాను. మీరు శ్రమపడకండి" అన్నాడు రావు, తల ఎత్తకుండానే.

ఎజాజ్ వచ్చిన దారినే వెళ్లిపోయాడు. ఆ తరువాత కిరాయి పుచ్చుకునేటప్పుడు తప్ప ఇద్దరి మధ్యా మాటల్లేవు.

రెండేళ్లు అలా గడిచాయి. పొద్దున బస్సు దిగడం, షెడ్డు తాళం తీయడం, సాయంత్రం తాళం వేయడం. మధ్యలో ఎవరితోనూ పలుకు లేదు. కొన్ని రోజులు ఇంటికి చేరాక గొంతు సవరించుకుని, మాట వస్తోందో లేదో అని తల్లి ఫోటోతో ఒక ముక్క మాట్లాడేవాడు. విమానం మాత్రం పూర్తయింది. అయితే ఎడమవైపు లాగడం పోలేదు. టైరు మార్చాడు, బ్రేకు విప్పి బిగించాడు. రోడ్డే వాలుగా ఉందని తిట్టాడు. నిజానికి వెంచర్ రోడ్డు మీద నిలబెడితే ఎడమ రెక్క కొస జానెడు కిందికి ఉండేది. అది రావు కళ్లకు ఆనలేదు. జీవితమంతా ఎడమకు ఒరిగి నడిచినవాడికి ఒరిగినదే నిటారుగా కనిపించి ఉంటుంది. షెడ్డులోకి తెచ్చి గొట్టం పెడితే మళ్లీ అంతా సరిగ్గానే ఉండేది. ఒకసారి ఎడమకాలు మొండేన్ని కలిసే చోట, బోల్టు చుట్టూ, బూడిదరంగు పొడి కనిపించింది. తుడిచి, కొత్త బోల్టు వేశాడు. ఆ పొడి ఎందుకొచ్చిందన్న ప్రశ్న మనసులో ఒక మూల పడి ఉంది. అడిగేవాడు పక్కన ఎవడూ లేడు కాబట్టి జవాబు చెప్పుకోవలసిన అవసరం రాలేదు.

నడిపేవాడు దొరికాడు. ఫ్లయింగ్ క్లబ్బులో పాఠాలు చెప్పే భార్గవ్. చిన్నవాడు, నవ్వుముఖం, ఇంట్లో నెలల పిల్ల. కావలసిన అనుమతులు తిరిగి తిరిగి సంపాదించాడు. మొదటిసారి తానొక్కడే ఎగిరి దిగుతానని, అంతా బాగుంటే రెండోసారి రావుగారిని పక్కన కూర్చోబెట్టుకుంటానని అన్నాడు. ఒక్క మెలిక. ఆ నెలాఖరుకు అతను బెంగళూరు ఉద్యోగానికి వెళ్లిపోతున్నాడు. ఉన్నది ఆ ఒక్క ఆదివారమే. అది దాటితే ఇలాంటి పిచ్చిపనికి ఒప్పుకునేవాడు మళ్లీ దొరకడు. ఆ సంగతి రావుకు బాగా తెలుసు.

ఆదివారం పొద్దున ఎండ ఇంకా పసుపుగానే ఉంది. విమానం వెంచర్ రోడ్డు మొదట్లో నిలబడింది. భార్గవ్ చుట్టూ తిరిగి, రెక్కలు కదిపి, చక్రాలు తన్ని చూశాడు.

"ఎడమ పక్క కొంచెం దిగి ఉన్నట్టుంది కదండీ?" అన్నాడు.

"రోడ్డు వాలు. షెడ్డులో మట్టం చూశాను, సరిగ్గా ఉంది" అన్నాడు రావు. రెండేళ్లుగా తనకు తాను చెప్పుకున్న మాటే. నోటికి అలవాటై చక్కగా వచ్చింది. పెద్దవాడి మాట మీద నమ్మకంతో భార్గవ్ ఎక్కి కూర్చుని, బెల్టు బిగించుకున్నాడు.

అంతలో చాంద్ బీ వచ్చింది. వెనకాలే ఎజాజ్. ఆమె చేతిలో ఆకుపచ్చ గుడ్డ పేలిక, దానిలో నాణెం పెట్టి ముడివేసి ఉంది. ప్రయాణం పోయేవాళ్ల దండచేతికి వాళ్లు కట్టే ఇమాం జామిన్ అది. క్షేమంగా వెళ్లి చేరాలని కడతారు, చేరాక ఆ నాణేన్ని బీదవాళ్లకు ఇచ్చేస్తారు. పిలవని పేరంటానికి వచ్చినట్టు బెరుగ్గా నిలబడి, రావు వైపు చూడకుండానే అంది:

"కోపం జేయకండ్రి సాబ్. కట్టి పోత. ఎంత లేదన్నా మా వాకిట్ల పెరిగింది గద మన లంగ్డీ."

ఎదురుగానే అనేసింది. రావుకు రెండేళ్ల ఉక్రోషం ఒక్కసారిగా పొంగింది.

"రండమ్మా, నాకే కట్టండి! ఇన్నాళ్లూ గోడ చాటున అన్నారు, ఇవాళ మొహం మీదే అంటున్నారు. కుంటివాణ్ణే, కాదన్నానా? కుంటివాడు ఎగరకూడదా?"

చాంద్ బీ బిత్తరపోయింది. మొగుడి వైపు చూసింది, మళ్లీ రావు వైపు చూసింది.

"మిమ్మల్నా?" అని రెండు చెంపలూ తట్టుకుంది. "తోబా తోబా! మిమ్మల్నెందుకంటం సాబ్? మొగోణ్ణి లంగ్డీ అంటరా యాడనన్న? లంగ్డా అంటరు. లంగ్డీ అంటే ఆడిది. గాడీ గద గిది, గందుకే లంగ్డీ."

చాయ్ ఆడది. లారీ ఆడది. గాడీ, అంటే బండీ, ఆడదే. నులక మంచం మీద నవ్వుకుంటూ నేర్చుకున్న పాఠమే.

"దీన్నా?" అన్నాడు రావు. "దీన్నెందుకు లంగ్డీ అంటారు?"

"కుంటుతది గద!" అన్నాడు ఎజాజ్. "మొదటిసారి బయటికి తీసిన దినం సంది సూస్తున్నం. ఎడమ దిక్కు ఒరిగి నడుస్తది. ఎడమ కాలు జూస్కోండ్రి అని చెప్పనొచ్చిన గద సాబ్. మీరు గట్ల మాట్లాడితిరి. ఇగ నేనేం జేయాలె?"

అవతల విమానంలో భార్గవ్ ఇంజను తిప్పాడు. రెక్కలు వణికాయి. రావు అప్పుడు, రెండేళ్లలో మొదటిసారి, ఇంకొకరి కళ్లతో తన విమానాన్ని చూశాడు. అది ఎడమకాలి మీద ఒరిగి నిలబడి ఉంది. అచ్చం తనలాగే నిలబడి ఉంది. ఇంత స్పష్టంగా కనిపించేది ఇన్నాళ్లూ ఎలా కనబడలేదో అర్థం కాలేదు.

ఆయన పరుగెత్తాడు. ఎవరైనా చూస్తారన్న సిగ్గుతో చిన్నప్పటి నుంచీ పరుగెత్తని మనిషి, ముగ్గురు చూస్తుండగా, ఒరుగుతూ లేస్తూ పరుగెత్తి విమానం ముందు చేతులు చాచి నిలబడ్డాడు. భార్గవ్ కంగారుగా ఇంజను ఆపాడు.

"దిగు బాబూ. దిగిపో. ఇది ఎగరదు."

షెడ్డులో ఎజాజ్ బిందెడు నీళ్లు తెచ్చి నేలమీద కుమ్మరించాడు. నీళ్లు ఒక్క క్షణం ఆలోచించుకుని, విమానం నిలబడే చోటుకు కుడిపక్కనున్న కాలువలోకి బారుగా పోయాయి.

"కోళ్ల షెడ్డు గద సాబ్. కడిగితే నీళ్లు పోవాలె గద. వాలు పెట్టే నేల పోయిస్తం" అన్నాడు.

మొండేనికి మట్టం చూశాడు రావు. నేలకు చూడలేదు. ఎడమ పక్క నేల ఎత్తుగా ఉండబట్టి, ఎడమకాలు రెండు వేళ్లంత పొట్టిగా బిగిసింది. వాలు నేల మీద పొట్టికాలు నిటారుగా నిలబడింది, చదును నేల మీద కుంటింది. బరువంతా రెండేళ్లుగా ఆ కాలిమీదే పడుతూ వచ్చింది. బోల్టు విప్పి, కాలిని పట్టుకునే ఇనప బిళ్లను బయటికి తీస్తే, లోపలివైపు సగానికి పైగా చీలి ఉంది. పైకి కనిపించని చోట చీలింది. ఆ బూడిదరంగు పొడి ఈ చీలిక ఒరుసుకుని రాలినదే. భార్గవ్ దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. అతని ముఖంలో నవ్వు లేదు. దిగేటప్పుడు ఆ బిళ్ల తెగితే విమానం ఎడమకు తిరిగి, ఆ వేగంతో హద్దురాళ్ల మీదికి పోతుంది. రావుకు నెలల పిల్ల ఏడుపు చెవిలో వినిపించినట్టయింది.

"రోడ్డు వాలని నీకు అబద్ధం చెప్పాను బాబూ. అబద్ధమని నాకూ తెలియదు" అన్నాడు.

భార్గవ్ ఆయన చెయ్యి నొక్కి, స్కూటరెక్కి వెళ్లిపోయాడు. బెంగళూరు నుంచి ఒక కార్డు రాశాడు. మళ్లీ రాలేదు.

ఆ సాయంత్రం రావు రేకు గోడ చుట్టూ తిరిగి వెళ్లి వాళ్ల గుమ్మంలో నిలబడ్డాడు. ఏమని అడగాలో తెలియలేదు. క్షమించమనడం ఆయనకు అలవాటు లేని పని.

"మరి నన్ను... నన్నేమనుకునేవారమ్మా మీలో మీరు?"

"మిమ్మల్నా? రావ్ సాబే అంటుంటిమి. ఇంకేమంటం?" అంది చాంద్ బీ.

ఆయన నులక మంచం మీద కూలబడి ఏడ్చాడు. చాంద్ బీ లోపలికి పోయి చాయ్ పెట్టింది. నీలం అంచు కప్పు గూట్లో బోర్లించి, అలాగే ఉంది. రెండేళ్లుగా అందులో ఎవరికీ పోయలేదట.

కాలు సరిచేయొచ్చు, కొత్త బిళ్ల తెప్పించొచ్చు, నేలను చదునుగా మళ్లీ గచ్చు చేయించి ముగ్గురూ కలిసి మట్టం చూసుకోవచ్చు అని రావు గబగబా చెబుతూ పోయాడు. మాటలు ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కున్నాయో గానీ ఆగకుండా వచ్చాయి. ఎజాజ్ తల దించుకుని విన్నాడు.

"రావ్ సాబ్, జాగా అమ్మినం. ఎండకాలంలనే అయిపోయింది. వచ్చే నెల మైలార్‌దేవ్‌పల్లి పోతున్నం. మీకు చెప్దామంటే మీరు మాట్లాడకపోతిరి."

రావు కప్పు కింద పెట్టాడు. ఇంకొంచెం పోయనా అని చాంద్ బీ అడిగితే తల ఊపాడు.

వాళ్లు వెళ్లే రోజున టెంపోలో మంచం ఎక్కిస్తుంటే రావు ఒక కొస పట్టుకున్నాడు. చాంద్ బీ ఆ పచ్చ గుడ్డ గురించి అడిగింది. ఆ పొద్దున గడబిడలో అది విమానం ఎడమకాలికే కట్టి వెళ్లింది.

"నాణెం ఖైరాత్ ఇచ్చిండ్రా సాబ్?"

"ఇంకా లేదమ్మా. అది ఎక్కడికీ వెళ్లలేదు కదా."

"ఆ పోరడు ఇల్లు చేరిండు గద. ఇగ ఇచ్చేయండ్రి" అందామె.

టెంపో మలుపు తిరిగింది. రావు చేతిలో ఫ్లాస్కు ఉంది. షెడ్డు గుమ్మంలో, తాళంచెవి పెట్టే చోట, నీలం అంచు కప్పు బోర్లించి ఉంది. చాంద్ బీ ఎప్పుడు పెట్టిందో ఆయన చూడలేదు. ఫ్లాస్కు మూత పక్కన పెట్టి, కప్పులోకి చాయ్ పోసుకున్నాడు. తాగుతూ, అలవాటు చొప్పున రేకు గోడ అవతలికి చెవి పెట్టాడు. ఎవరూ ఏమీ అనడం లేదు.